జీపు వెనక కూర్చున్నవాళ్లు

మా జీపు లైట్లు మెకానిక్ కళ్ల ముందు ఒక్కసారి కూడా ఆరిపోలేదు. దానితో వచ్చిన చిక్కంతా అదే. ఎల్బీనగర్‌లో వైరింగ్ షాపు ముందు ఆపి స్విచ్ నొక్కితే రెండు హెడ్‌లైట్లూ నిండుగా వెలిగేవి. వెనక ఎర్ర దీపాలు వెలిగేవి. డ్యాష్‌బోర్డు మీద ఆ చిన్న ఆకుపచ్చ బల్బు కూడా బుద్ధిగా వెలిగేది. ఇంటి దగ్గర జ్వరంతో మూలిగిన పిల్లాడు డాక్టరు గదిలోకి వెళ్లగానే బొమ్మలతో ఆడుకోవడం మొదలుపెడతాడు చూడండి, సరిగ్గా అలాగే.

ఆ జీపు మా ఇంటికి వచ్చేటప్పటికే పాతది. రిటైరయిన కాంట్రాక్టరు ఒకాయన దగ్గర కొన్నాం. నాలుగు చక్రాలకూ బలం అందించే రకం. గేరు రాడ్ పక్కన ఇంకో చిన్న రాడ్ ఉంటుంది, అది వేస్తే బండి బురదలోనైనా నడిచే మనిషి వేగంతో బరువు లాక్కుని పోతుంది. నేను దినపత్రిక డెస్కులో పనిచేసి రిటైరయినవాణ్ని, నా ప్రయాణాలన్నీ సిటీ బస్సుల్లో, తర్వాత మెట్రోలో అయిపోయాయి. డ్రైవింగు నేర్చుకున్నది నా భార్య. మొన్న వేసవి దాకా దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటరులో లెక్కలు చెప్పేది. వనస్థలిపురం అవతల ఉన్న మా కాలనీ నుంచి పొద్దున్నే ఆ జీపులో బయల్దేరి, ఆటోల మధ్య నుంచి దాన్ని తీసుకుపోయి, మెట్రో స్తంభాల మధ్య ఎక్కడో ఒక చోట ఇరికించి పాఠానికి వెళ్లేది. కాలనీలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ మేడమే.

మా కాలనీ వినాయకుడు నిమజ్జనానికి వెళ్లేది ఆ జీపులోనే. వెనక సీట్లు తీసేసి, చెక్కలు పరిచి, వాటి మీద విగ్రహాన్ని నిలబెట్టి, కమిటీ వాళ్లు చుట్టూ కూర్చుని పట్టుకుంటారు. జీపు ఒంటి నిండా సీరియల్ లైట్లు. స్టీరింగు ముందు మేడం. సరూర్‌నగర్ చెరువుకు వెళ్లే ఆ బండ్ల వరసలో స్టీరింగు పట్టుకున్న ఇంకో ఆడమనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. ఆమె ఈ సంగతి పైకి అనేది కాదు. కానీ ఆ రోజు కట్టుకునే చీర ముందు వారమే ఇస్త్రీ అయి తలుపు వెనక వేలాడుతూ ఉండేది.

పోయిన ఏడాది కొత్తపేట దగ్గర లైట్లన్నీ ఒక్కసారిగా పోయాయి. హెడ్‌లైట్లు, వెనక దీపాలు, సీరియల్ లైట్లు, అన్నీ. డప్పులు కూడా ఒక క్షణం ఆగిపోయాయి. చివరికి కాలనీ జనం ఫోన్లలో టార్చిలు వేసుకుని ముందు నడిస్తే, ఆ వెలుతురులో ఆమె చెరువు దాకా నడిపింది. పక్క కాలనీ ట్రాలీ మమ్మల్ని దాటుకుంటూ పోతూ పెద్దగా హారన్ కొట్టింది. ఆ హారన్ ఆమె మర్చిపోలేదని నాకు తెలుసు.

ఈ ఏడాది పండగకు ముందు కమిటీ అధ్యక్షుడు మా ఇంటికొచ్చాడు. నల్లగొండ వైపు మనిషి, హార్డ్‌వేర్ షాపు ఉంది, భారీ విగ్రహం. కుర్చీలో కూర్చుంటే కుర్చీ చేతులు రెండు వైపులా జరుగుతాయి. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, మెల్లగా విషయం కదిలించాడు.

"మేడం, మీకు ప్రతి సాలు పరేషానీ అయితున్నది. ఈసారి డీసీఎం వ్యాను మాట్లాడుదమనుకుంటున్నం. డ్రైవర్‌తోనే ఒస్తది. మీరు నిమ్మళంగ ముందు సీట్ల కూసొని దండం పెట్టుకుంట రాండ్రి."

"లైట్ల కోసమేనా?" అని అడిగింది ఆమె.

"లైట్లే మేడం. మీ డ్రైవింగ్‌కు వంక పెట్టెటోడెవడు? కని పోయినసారి చీకట్ల పోయినం గద. పోలీసోళ్లు గూడ అడుగుతున్నరు, బండి కండిషన్ ఎట్లున్నదని."

"ఎప్పుడు మాట్లాడతారు డీసీఎం?"

"ఆదివారం పొద్దుగూకెటాళ్లకు అడ్వాన్స్ ఇచ్చెయ్యాలె. లేకుంటే దొరకయ్."

"అయితే ఆదివారం సాయంత్రం దాకా ఆగండి. లైట్లు చూపిస్తాను. చూశాక మీ ఇష్టం."

ఆయన సరేనని లేచాడు. ఆమె గేటు దాకా నవ్వుతూ సాగనంపి వచ్చింది. తలుపు వేశాక నవ్వు తీసేసింది.

"ముందు సీట్లో కూర్చుని దండం పెట్టుకోవడానికాండీ నేను బండి నేర్చుకుంది?"

నేను పేపరు మడిచి పక్కన పెట్టాను.

మర్నాడే ఎల్బీనగర్ వెళ్లాం. వైరింగ్ షాపాయనకు మా జీపు బాగా పరిచయం. పోయిన ఏడాది నుంచి ఆయన ఒకసారి బ్యాటరీ క్లిప్పులు మార్చాడు, ఒకసారి లైట్ల స్విచ్ మార్చాడు, ఇంకోసారి హెడ్‌లైట్ల వెనక ప్లగ్గులు మార్చాడు. మార్చిన ప్రతిసారీ లైట్లు వెలిగాయి. వెలగక ఏం చేస్తాయి? ఆ పాత జీపులో లైట్లన్నింటికీ కలిపి ఒకే ఫ్యూజు. అది కాలిపోతే అన్నీ పోతాయి. కొత్త ఫ్యూజు వేస్తే అన్నీ వస్తాయి. ఏ సామాను మార్చినా దాంతోపాటు కొత్త ఫ్యూజు పడుతుంది కాబట్టి, ఆ మార్చిన సామానే రోగమని ఆయనా అనుకునేవాడు, మేమూ అనుకునేవాళ్లం.

"ఇప్పుడేంది మేడం, మళ్ల పోయినయా?" అన్నాడు మమ్మల్ని చూడగానే.

"పోలేదు. ఎప్పుడు పోతాయో తెలియట్లేదు. అదే కదా బాధ," అంది ఆమె.

ఆయన బానెట్ ఎత్తి, వైర్లు గుంజి చూశాడు. హారన్ కొట్టాడు. ఇండికేటర్లు వేశాడు. అన్నీ బ్రహ్మాండం. "మీ బండి నా ఇజ్జత్ తీస్తున్నది," అని నుదురు తుడుచుకున్నాడు. "ఎక్కడ్నో వైరు బాడీకి తగుల్తున్నది. గంతే. తగిలినప్పుడు నాకు చూపియ్యుండ్రి, నేను పట్టుకుంట దాన్ని. తగలకుంటే నేనేం పట్టాలె?"

"తగిలినప్పుడు ఫ్యూజు కాలిపోయి చీకటే కదండీ మిగిలేది. చూసేదేముంది?"

"ఫ్యూజు తీసెయ్యిండ్రి. దాని జాగల ఒక హెడ్‌లైట్ బల్బు కట్టుండ్రి. లైటు స్విచ్ మొదటి మెట్టు మీద పెట్టుండ్రి, చిన్న దీపాలు మాత్రమే వెలుగుతయ్. గప్పుడు గీ బల్బు కండ్లు మూసుకొని పండుకుంటది. వైరు బాడీకి తాకిందనుకో, చిన్న దీపాలు ఆరిపోయి ఇది భగ్గున లేస్తది. ఎన్నిసార్లు తాకినా ఏం కాలదు."

రెండు వైర్లు అతికించిన ఒక బల్బు చేతిలో పెట్టాడు. దాన్ని ఆమె ఒళ్లో పెట్టుకునే ఇంటిదాకా నడిపింది.

బల్బు ఉంది. కానీ లైట్లు పోయే క్షణం ఎక్కడ దొరుకుతుంది? ఇంటి ముందు ఆపి, ఫ్యూజు తీసి బల్బు కట్టి, స్విచ్ మొదటి మెట్టు మీద పెట్టి, ఇద్దరం బానెట్ దగ్గర నిలబడ్డాం. బల్బు చల్లగా నిద్రపోతోంది. బల్బును ముందు అద్దంలోంచి కనిపించేలా బయటికి లాగి కట్టి కాలనీలో తిప్పాం. స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరించాం. అల్మాస్‌గూడ వైపు గుంతల రోడ్డు మీదకు కూడా పోయి వచ్చాం. నా నడుము పట్టేసింది తప్ప బల్బుకు మెలకువ రాలేదు.

శనివారం సాయంత్రం బాల్కనీలో కూర్చుని ఉన్నాం.  డెస్కులో ఉన్నప్పుడు నాకు ఒక అలవాటు ఉండేది. విలేకరి పంపిన వార్తలో ఏం జరిగిందో ఉండి, అక్కడ ఎవరున్నారో లేకపోతే, ఫోన్ చేసి అదే అడిగేవాణ్ని. ఎవరున్నారో తెలిస్తే ఎందుకు జరిగిందో చాలాసార్లు దానంతటదే బయటపడేది. ఏ సామాను పాడయిందని ఇన్నాళ్లూ అడుగుతూ వచ్చాం కానీ, ఈ ప్రశ్న జీపును ఎప్పుడూ అడగలేదు.

"లైట్లు పోయినప్పుడల్ల బండిల ఎవరున్నరు?" అన్నాను.

"ఎవరుంటారు, నేనే."

"నువ్వు కాక."

ఆమె వేళ్లు ముడుస్తూ ఆలోచించింది. "నిమజ్జనం రోజు కమిటీ అంతా ఉంది. మీ చెల్లెలు వాళ్లు గుట్టకు దర్శనానికెళ్దామంటే అందర్నీ ఎక్కించుకున్నాం చూడండి, భువనగిరి దాటాక పోయాయి. ఇంకోసారి బీరువా తెచ్చినప్పుడు..." అక్కడ ఆగింది. వేళ్లు అలాగే ముడిచి ఉన్నాయి. "కోచింగ్‌కు ఒక్కదాన్నే వెళ్లిన రోజుల్లో ఎప్పుడూ పోలేదండీ. చీకటి పడ్డాక వచ్చిన రోజులు ఎన్ని ఉన్నాయి! ఒక్కసారి కూడా పోలేదు."

నేను ఆమె వంక చూశాను.

"వెనక బరువు!" అని లేచి నిలబడింది. "వెనక నిండితేనే పోతున్నాయి. షాపుకు ఎప్పుడూ ఖాళీగా తీసుకెళ్లాం. ఖాళీ బండిని పెట్టుకుని ఆయన మాత్రం ఏం చేస్తాడు, పాపం!"

కోచింగ్ సెంటరులో కఠినమైన లెక్క విడిపోయినప్పుడు ఆమె ముఖం ఎలా ఉండేదో నేను చూడలేదు. ఇలాగే ఉండేదేమో.

ఆదివారం మధ్యాహ్నం వెనక సీట్లు తీసేసి, చెక్కలు పరిచి, బరువు ఎక్కించడం మొదలుపెట్టాం. మొదట నేను ఎక్కి కూర్చున్నాను. బల్బు పలకలేదు. ఆమె బియ్యం డ్రమ్ము తెప్పించింది. లాభం లేదు. నిండు గ్యాస్ సిలిండరు ఎక్కించాం. కుట్టు మిషను ఎక్కించాం. ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడి, "ఇల్లు ఖాళీ చేస్తున్నారా మేడం?" అని కంగారుగా అడిగింది. "లేదండీ, లైట్లు రిపేరు," అంది మా ఆవిడ. ఎదురింటావిడ ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్లిపోయింది. బల్బు మాత్రం నిద్రలోనే ఉంది. ఇంట్లో బరువైన సామాన్లు ఇంక లేవు.

ఎండ తగ్గుతుండగా కమిటీ వాళ్లు వచ్చారు. అధ్యక్షుడు, ఆయన వెనక ఇద్దరు సభ్యులు, వాళ్లతో పాటు ప్రతి ఏటా సీరియల్ లైట్లు కట్టే డెకరేషన్ ఆయన. జీపులో కుట్టు మిషను పక్కన కూర్చుని ఉన్న నన్ను చూసి అధ్యక్షుడు ఆగిపోయాడు.

"ఏందన్నా గిది? ఎటు పోతున్నరు?"

నేను జవాబు చెప్పేలోపే మా ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. పై నుంచి కింది దాకా, మళ్లీ కింది నుంచి పై దాకా. ఇన్నాళ్లూ ఆ మనిషిలో ఆమెకు కనిపించని మంచి గుణమేదో అప్పుడే కనిపించినట్టుంది.

"సరిగ్గా సమయానికి వచ్చారు. ఎక్కండి," అంది.

"ఎక్కడికి?"

"వెనక్కి. అందరూ ఎక్కండి. పోయినేడు ఎవరు ఎక్కడ కూర్చున్నారో అక్కడే కూర్చోండి."

నేను దిగి సామాన్లన్నీ దించేశాను. ఇద్దరు సభ్యులు ఎక్కారు. డెకరేషన్ ఆయన ఎక్కాడు. ఆమె బానెట్ దగ్గర బల్బు మీద చూపు పెట్టి నిలబడింది. చివరగా అధ్యక్షుడు మెట్టు మీద కాలు పెట్టి, ఇనుప గొట్టం పట్టుకుని, ఊపిరి బిగబట్టి లోపలికి వచ్చి చెక్క మీద కూలబడ్డాడు. జీపు వెనక భాగం మూలుగుతూ కిందికి దిగింది.

బల్బు భగ్గుమంది.

"వచ్చింది!" అని కేక పెట్టింది ఆమె. ఎదురింటావిడ మళ్లీ గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

నేను వెనక దీపాలు చూశాను. రెండూ ఆరిపోయాయి.

"అన్నగారూ, లేవండి!"

ఆయన లేచాడు. బల్బు ఆరింది, దీపాలు వెలిగాయి.

"కూర్చోండి!"

కూర్చున్నాడు. బల్బు వెలిగింది, దీపాలు ఆరాయి.

"లేవండి!"

"అరె, ఏంది మేడం, వినాయకుని ముంగట గుంజీలు తీపిచ్చినట్టు తీపిస్తున్నరు!"

"పండక్కి ముందే తీసేస్తే మంచిదండీ. ఇంకొక్కసారి."

సభ్యుల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేక జీపు గొట్టం మీద తల ఆన్చాడు. "బరువంత ఈయనదే అయితే మరి మేమెందుకు కూసున్నం? అధ్యక్షుణ్ని ఒక్కణ్నే కూసోబెట్టుండ్రి మేడం, చాలు," అన్నాడు. అధ్యక్షుడు ఆయన వీపు మీద ఒక్కటిచ్చాడు. ఆ ఊపుకు కూడా బల్బు ఒకసారి వెలిగి ఆరింది.

"ఎవరూ కదలకండి. ఇప్పుడు అందరూ కూర్చునే ఉండాలి," అని ఆమె గట్టిగా చెప్పింది. తరగతి గది గొంతు అది. నలుగురూ నోరు మూసుకున్నారు.

చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాను. పాత పేపర్లు నేల మీద పరిచి, చేతిలో టార్చి, ఒక చెక్క బద్ద పట్టుకుని జీపు వెనక కిందికి దూరాను. ఆమె ముందు బల్బు దగ్గర, నేను వెనక వైర్ల దగ్గర. మధ్యలో కమిటీ మొత్తం ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంది.

చక్రాలను కలిపే బరువైన ఇరుసు అంత దగ్గరగా పైకి రావడం నేను అప్పుడే చూశాను. ఖాళీ బండిలో దానికీ పైనున్న ఇనుప చట్రానికీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంటుంది. అది చట్రానికి కొట్టుకోకుండా మధ్యలో రబ్బరు దిమ్మ ఒకటి ఉంది. ఇప్పుడు ఆ దిమ్మ ఇరుసుకు ఆనుకుని ఉంది. నేను బద్దతో ఒక్కో వైరునూ కదిలించాను.

"ఏమైనా మారిందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదండీ."

దిమ్మ పక్కన సన్నటి తెల్ల వైరు ఒకటి మట్టిలో కలిసిపోయి కనిపించింది. ఒక చివర పైన వెనక దీపానికి వెళ్లే వైరుకు చుట్టి ఉంది, దాని మీద టేపు. రెండో చివర ఎక్కడికీ పోలేదు. కత్తిరించి వదిలేసిన తోకలా వేలాడుతూ, దిమ్మకూ ఇరుసుకూ మధ్య నలిగిపోయి, రాగి తీగలు బయటికి వచ్చి ఉన్నాయి. బద్ద దాని కిందికి దూర్చి పక్కకు లాగాను.

"పోయింది!" అని అరిచింది ఆమె. "ఆరింది, ఆరిందండీ! ఏం చేశారు?"

వదిలాను.

"వెలిగింది!"

లాగాను.

"ఆరింది!"

ఆమె ముందు వైపు నుంచి పరుగెత్తుకొచ్చి, ఆ వయసులో రోడ్డు మీద మోకాళ్లూని, తల వంచి కిందికి చూసింది. టార్చి వెలుగు ఆ తెల్ల వైరు మీద వేసి చూపించాను.  మొత్తం కలిపి జానెడు వైరు.

దాన్ని విప్పి తెచ్చి చేతిలో పెడితే డెకరేషన్ ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిది మా వైరే," అన్నాడు మెల్లగా.

సంగతి ఇది. ప్రతి ఏడాదీ సీరియల్ లైట్లకు కరెంటు జీపు వెనక దీపం వైరు నుంచే తీసుకునేవాడు. చెరువు దగ్గర క్రేను వంతు వచ్చేసరికి పోలీసులు తొందరపెడతారు, వెనక బండ్ల వాళ్లు అరుస్తారు. చుట్టిన వైరు విప్పుతూ కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. కటింగ్ ప్లేయర్‌తో ఎక్కడికక్కడ కత్తిరించి, లైట్లు చుట్ట చుట్టుకుని పోవడమే. మరుసటి ఏడాది పాత ముక్క జోలికి పోకుండా ఇంకో చోట చుట్టడం. మళ్లీ నేను కిందికి దూరి చూస్తే ఆ వైరు పొడుగునా టేపు ముడులు, నల్లవి, ఎర్రవి, ఒకటి పసుపుది. ఒక్కో ముడీ ఒక్కో వినాయకుడు. మిగతా తోకలన్నీ పొట్టివి, దేనికీ తగలవు. ఈ ఒక్కటే ఇరుసును అందుకునేంత పొడుగు.

"అంటే మన దేవునికి పెట్టిన లైట్లే..." అని మొదలుపెట్టి, అధ్యక్షుడు మాట మింగేశాడు. తర్వాత డెకరేషన్ ఆయన వైపు తిరిగాడు. "ఏమయ్యా, కోసేటోనివి జర దగ్గరికి కొయ్యొద్దా?"

"కోసుడు కాదండీ, విప్పాలి," అంది మా ఆవిడ.

ఆ ముడులన్నీ ఆయన చేతే విప్పించింది. ఒలిచిన ప్రతి చోటా కొత్త టేపు చుట్టించింది. బల్బు తీసేసి అసలు ఫ్యూజు వేసింది. అప్పటికి వీధి దీపాలు ఇంకా రాలేదు కానీ వెలుతురు పల్చబడింది. నలుగుర్నీ మళ్లీ వెనక ఎక్కించుకుని, ఈసారి నన్ను కూడా ఎక్కించి, అన్ని లైట్లూ వేసి కాలనీ చుట్టూ తిప్పింది. స్పీడ్ బ్రేకర్లు ఒక్కటి కూడా వదల్లేదు. వెతుక్కుంటూ పోయి ఎక్కించింది. ప్రతి దాని మీదా అధ్యక్షుడు గాల్లోకి లేచి కింద పడుతూ, "వెలుగుతున్నయ్ మేడం, వెలుగుతున్నయ్! ఇగ చాలు!" అని మొత్తుకున్నాడు.

దిగి నడుము సర్దుకుని ఆయన ఫోన్ తీశాడు. "అన్నా, డీసీఎం ఒద్దులే," అని అవతలి మనిషికి చెప్పాడు. "మాకు బండున్నది."

"ఒక షరతు. సీరియల్ లైట్లకు మీ బ్యాటరీ మీరు తెచ్చుకోండి. నా బండి వైర్లు ఎవరూ ముట్టుకోకూడదు," అంది ఆమె.

"ముట్టుకుంటే ఒట్టు," అన్నాడు డెకరేషన్ ఆయన.

నిమజ్జనం రోజు విగ్రహం పోయినేటి కంటే పెద్దది. చుట్టూ కమిటీ. ఎల్బీనగర్ కూడలి దాటి, మెట్రో వంతెన పక్కనుంచి కొత్తపేట వైపు సాగాం. నేను ఆమె పక్క సీట్లో ఉన్నాను. పొద్దుగూకింది. లైట్లు పోయిన చోటు దగ్గర పడుతున్నకొద్దీ వెనక మాటలు తగ్గాయి. డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఆమె చిన్న రాడ్ వేసి, నడిచే మనిషి వేగంతో, రోడ్డు మీది గుంతలో ముందు చక్రాలు దించి ఎక్కించింది. తర్వాత వెనక చక్రాలు దించింది. జీపు మొత్తం బరువుతో కిందికి కుంగి లేచింది. ముందు రోడ్డు మీద రెండు వెలుగు చారలు అలాగే నిలబడి ఉన్నాయి.

"గణపతి బప్పా!" అని వెనక నుంచి అధ్యక్షుడు ఎత్తుకున్నాడు. ఆ మోరియాలో మా జీపు హారన్ కూడా కలిసింది. పొడుగ్గా, ఆమె అరచెయ్యి మొత్తం ఆన్చి కొట్టిన హారన్.

చెరువు గట్టు మీద మా వంతు వచ్చింది. జీపును క్రేను ఎదురుగా ఆపింది. అక్కడ నిలబడ్డ కానిస్టేబుల్ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"మేడం, లైట్లు బంద్ చెయ్యుండ్రి! గంత వెలుతురేంది? క్రేన్ ఆయనకు కండ్లు కనవడ్తలేవంట!"

"ఏమన్నారు?" అని అడిగింది ఆమె, వినబడి కూడా.

"లైట్లు మేడం, లైట్లు! మస్తు కొడ్తున్నయ్!"

ఆమె నా వైపు ఒకసారి చూసింది. పైనున్న చిన్న అద్దంలో చూసుకుని కొంగు సర్దుకుంది. ఆ తర్వాత, ఏ తొందరా లేకుండా, స్విచ్ ఆర్పింది.